గుడారమే కచేరి

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం జీవిత చరిత్ర ప్రక్రియకు చెందినది. పరాయి ప్రభుత్వానికి ప్రతినిధిగా దత్త మండలాలకు వచ్చి, ఇక్కడి రైతుల కష్టసుఖాలను కళ్ళారా చూసి, చివరకు ఈ నేలమీదనే కన్నుమూసిన అధికారి సర్ థామస్ మన్రో. 47 సంవత్సరాల ఉద్యోగ జీవితంలో ఆయన చేసిన మేలును, ఆయన పాలనలోని కాఠిన్యాన్ని, తన పొరపాటును తానే గుర్తించి దిద్దుకొన్న ఆయన నిజాయితీని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కడప జిల్లాలోని ఎర్రగుంట్ల పరిసరాలలో ప్రయాణించే వారికి మొట్టమొదట కనిపించేది రాయి. భూగర్భం నుంచి పొరలు పొరలుగా తీసిన నాపరాతి బండలు బాట పక్కన నిలువునా పేర్చి ఉంటాయి. ఆ రాతిని నమ్ముకొనే సిమెంటు కర్మాగారాలు ఇక్కడ వెలిశాయి. రాళ్ళ మధ్య అక్కడక్కడ నల్లరేగడి చేలు కనిపిస్తాయి. సకాలంలో వాన కురిస్తే ఆ చేలలో జొన్న, పత్తి, శనగ కళకళలాడుతాయి. వాన మొగం చాటేస్తే చేలు బీటలు వారుతాయి. ఊరి పేరులోనే గుంట ఉన్నది. చారెడు నీరు నిలిచే చోటును బట్టి ఊళ్ళకు పేర్లు పెట్టుకొన్న సీమ ఇది.

ఇటువంటి సీమలో రైతుకు పంట ఎంత ముఖ్యమో, పంటమీద ప్రభుత్వం విధించే పన్ను కూడా అంత ముఖ్యం. పన్ను న్యాయంగా ఉంటే కరవు ఏడాదిని ఎలాగో గట్టెక్కవచ్చు. అది హద్దు మీరితే మంచి ఏడాదిలో కూడా గాదె ఖాళీయే. రెండు శతాబ్దాల కిందట ఈ సత్యాన్ని గుడారంలో కూర్చుండి, రైతుల నోటనే విని తెలుసుకొన్నవాడు థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసే వర్తకుడు. బాలుడైన మన్రోకు చదువంటే ఎంత ఇష్టమో, ఆటలంటే అంత ప్రాణం. ముష్టియుద్ధంలోను, ఈతలోను తోటి బాలురలో ఆయనకు సాటి వచ్చేవారు అరుదు. చిన్ననాట వచ్చిన తట్టు వ్యాధి వల్ల ఆయన వినికిడి మందగించింది. ఆ లోపం జీవితాంతం ఆయనను వీడలేదు. అయినా ఆయన ఉత్సాహాన్ని అది అణచలేకపోయింది. స్పానిష్ భాషలోని ఒక ప్రసిద్ధ నవలను మూలంలోనే చదవాలన్న కోరికతో ఒక నిఘంటువును, ఒక వ్యాకరణాన్ని ముందు పెట్టుకొని ఆ భాషను స్వయంగా నేర్చుకొన్న పట్టుదల ఆయనది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల తండ్రి వ్యాపారం కుప్పకూలింది. కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. ఉద్యోగం వెతుక్కొంటూ ఇల్లు విడిచిన మన్రో 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. ఈస్టిండియా కంపెనీ పదాతి దళంలో చేరాడు. ఆ ఏడాదే హైదరాలీతో యుద్ధం మొదలైంది. ఆనాటి తన బ్రతుకును గురించి ఆయన తర్వాత ఇంటికి వ్రాసిన ఉత్తరంలో వివరించాడు. భారతదేశానికి వచ్చిన మూడేళ్ళదాకా పుస్తకమో, తూటాల సంచో తప్ప వేరొక తలగడ ఎరుగడు. నాలుగు కర్రలమీద బిగించిన ముతక గుడ్డయే మంచం. అటువంటి స్థితిలో ఉండి కూడా ఆయన తన తమ్ముడు అలెగ్జాండరుతో కలిసి ఏటా కొంత సొమ్ము తండ్రికి పంపే ఏర్పాటు చేశాడు. చేతినిండా ఉన్నప్పుడు ఇచ్చేవారు లోకంలో చాలామంది. తలకింద దిండు లేని రోజులలో ఇవ్వగలిగిన వారే దాతలు.

సైనిక జీవితంలోనే ఆయన పారశీక, హిందూస్తానీ భాషలు అభ్యసించాడు. ఈ భాషాజ్ఞానమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1792లో టిప్పు సుల్తాను నుంచి కంపెనీకి సంక్రమించిన బారామహల్ ప్రాంతంలో, అనగా నేటి సేలం, కృష్ణగిరి పరిసరాలలో, కెప్టెన్ రీడ్ వద్ద సహాయకుడుగా ఆయన నియమితుడయ్యాడు. పొలాన్ని కొలిచి, నేల గుణాన్ని తెలుసుకొని, మధ్యవర్తి లేకుండా రైతుతోనే నేరుగా పన్ను ఒప్పందం చేసుకొనే పద్ధతి అక్కడ రూపు దిద్దుకొన్నది. అదే రైతువారీ విధానం. ఏడేళ్ళు అక్కడ పనిచేసి, ఆ తర్వాత కొంతకాలం కన్నడ తీరంలో కలెక్టరుగా ఉండి, ఆయన 1800లో దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు.

కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను, నేటి కర్నూలు జిల్లాలోని కొన్ని తాలూకాలను నిజాం నవాబు 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందం ద్వారా కంపెనీకి అప్పగించాడు. అప్పగించిన నేల కనుక దీనికి దత్త మండలాలన్న పేరు వచ్చింది. 1928లో నంద్యాలలో జరిగిన సభలలో రాయలసీమ అన్న పేరు స్థిరపడేవరకు ఆ పేరే వాడుకలో ఉన్నది. మన్రో వచ్చేనాటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్ళు ఉండేవారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కోట, కొంత సాయుధ బలగం. వీరు వసూలు చేసుకొన్నది వీరిది, నవాబు మనుషులు వసూలు చేసుకొన్నది వారిది. ఇరువురికీ చెల్లించుకొన్న రైతుకు మిగిలింది అప్పు.

మన్రో తన కార్యస్థానాన్ని అనంతపురంలో పెట్టుకొన్నా, ఏడేళ్ళలో అధిక భాగం గుడారాలలోనే గడిపాడు. గుర్రంమీదనో, కాలినడకనో ఊరూరా తిరిగాడు. తెల్లవారగానే గుడారం చుట్టూ జనం మూగేవారు. ఆయన తలమీద టోపీ కూడా లేకుండా వారి మధ్య నడుస్తూ, మాట్లాడుతూ, ఫిర్యాదులు వినేవాడు. ఏడు గంటలకు అల్పాహారం ముగించి పనిలో కూర్చుంటే సాయంకాలందాకా లేచేవాడు కాదు. రాత్రి భోజనానంతరం మళ్ళీ కచేరి మొదలయ్యేది. సాయుధులైన కావలివారు వెంట లేకుండానే ఆయన పర్యటించేవాడు. రైతుకు కలెక్టరును చూడాలంటే దివాణం మెట్లు ఎక్కవలసిన అవసరం లేకపోయింది. కలెక్టరే చేనిగట్టుకు వచ్చాడు.

ఇంత శ్రమను ఆ దేహం ఎలా భరించింది? అందుకు సమాధానం ఆయన ఆటలలో ఉన్నది. బాల్యంలోని క్రీడాసక్తి ఆయనను ఏ పదవిలోను విడిచిపెట్టలేదు. బంతిని అరచేతితో గోడకు కొట్టి ఆడే ఆట, ఇనుప కడియాలను గురిచూసి విసిరే ఆట, బిలియర్డ్సు, ఈత, గుర్రపు స్వారి, దూరపు నడక ఆయనకు ప్రీతిపాత్రాలు. ఆటను ఆయన కాలక్షేపంగా భావించలేదు. ఎండకు, వానకు, నిద్రలేమికి తట్టుకొనే శక్తిని ఆటస్థలంలో సంపాదించి, దానిని చేలగట్లమీద ఖర్చుపెట్టాడు. శరీరం ధర్మసాధనమని పెద్దలు చెప్పిన మాటకు ఈ విదేశీయుని దినచర్య ఒక ఉదాహరణ.

దత్త మండలాలలోని భూములన్నింటిని కొలిపించడం ఆయన తలపెట్టిన మహాకార్యం. 33 అడుగుల గొలుసు చేతబట్టి మోజణీదారులు ఊరూరా తిరిగారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరం ఒక గుంట. అటువంటి గుంటలు 40 చేరితే ఒక ఎకరం. ప్రతి పొలానికి ఒక సంఖ్య, ప్రతి రైతుకు లెక్కలో ఒక పేరు ఏర్పడ్డాయి. అంతకుముందు ఊరి మొత్తం మీద పన్ను పడేది. దానిని ఎవరు ఎంత మోయాలో బలవంతులు నిర్ణయించేవారు. తన పేర, తన పొలం మీద, తెలిసిన మొత్తం నిర్ణయం కావడం సామాన్య రైతుకు లభించిన పెద్ద ఊరట.

అయితే మన్రో పాలన అంతా వెన్నెల అని భావించడం సత్యానికి దూరం. ఆయన కంపెనీ సేవకుడు. కంపెనీకి కావలసింది రాబడి. ఆయన వచ్చిన ఏడాది సుమారు 10 లక్షల వరహాలుగా ఉన్న భూమిశిస్తు ఏడేళ్ళలో 15 లక్షలు దాటింది. పాలెగాళ్ళ బలగాలను సైన్యం సాయంతో అణచి, కోటలను స్వాధీనం చేసుకొని, చాలామందిని భరణాలకు పరిమితం చేశారు. 1801లో కర్నూలు సీమలోని తెర్నేకల్లు ప్రజలు పన్ను విషయమై ఎదురు తిరిగినప్పుడు కంపెనీ సేన ఆ ఊరి కోటను ముట్టడించి రక్తపాతం సృష్టించింది. పాలెగాళ్ళ కుటుంబాలలో ఆనాడు రగిలిన అసంతృప్తి మన్రో గతించిన తర్వాత కూడా చల్లారలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు గల కారణాలలో భరణపు తగాదా ఒకటి. మన్రోను స్మరించేటప్పుడు ఈ సంగతులను విస్మరించకూడదు.

కాని ఆయనను ఇతర అధికారుల నుంచి వేరు చేసే ఘట్టం కూడా ఇక్కడే ఉన్నది. తాను వసూలు చేస్తున్న పన్ను రైతు మోయగలిగినదేనా అన్న ప్రశ్నను ఆయన తనకు తానే వేసుకొన్నాడు. పంటలో 100 పాళ్ళకు సుమారు 45 పాళ్ళు సర్కారుకు పోతున్నాయి. అంత చెల్లించిన రైతు ఎద్దును మార్చుకోలేడు, బావి తవ్వుకోలేడు, బీడును సాగులోకి తేలేడు. ఒక్క ఏడు వాన తప్పితే ఊరు విడిచి పోవలసిందే. 1807 ఆగస్టు 15న ఆయన ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. అన్ని భూములమీద పన్నును నూటికి 25 వంతులు తగ్గించాలనీ, బావులకింద, చెరువులకింద సాగయ్యే భూములకు మరొక 8 వంతులు తగ్గించాలనీ అందులో కోరాడు. రైతు తనకు ఇష్టమైనంత భూమిని ఉంచుకొనే, వదులుకొనే స్వేచ్ఛ కూడా ఉండాలన్నాడు. పన్ను పెంచి పేరు తెచ్చుకొన్న అధికారులు ఎందరో ఉన్నారు. తాను నిర్ణయించిన పన్నే అధికమని, దానిని తగ్గించమని పైవారికి విన్నవించుకొన్న అధికారులు అరుదు.

ప్రభుత్వం ఆ విన్నపాన్ని మన్నించలేదు. ఆ ఏడాదే మన్రో సెలవుపై స్వదేశానికి వెళ్ళాడు. ఆయన వెళ్ళిన తర్వాత గ్రామాలను గుత్తకు ఇచ్చే పద్ధతి ప్రవేశపెట్టారు. గుత్తదారులు రైతులను పీడించారు. తామే గుత్త చెల్లించలేక కొందరు దివాలా తీశారు. రైతువారీ పద్ధతిని విడవడం పొరపాటని ప్రభుత్వం తెలుసుకొనేసరికి దాదాపు పదేళ్ళు గడిచాయి.

ఇంగ్లండులో ఉన్న కాలంలో మన్రో 1813లో పార్లమెంటు ఎదుట సాక్ష్యం చెప్పాడు. భారతీయులను అనాగరికులుగా తలచే ప్రముఖుల ముందు నిలిచి, ఈ దేశపు వ్యవసాయాన్ని, చేతిపనులను, ఊరూరా ఉండే బడులను, అతిథి మర్యాదను ఆయన కొనియాడాడు. నాగరికతే ఒక సరుకై రెండు దేశాల మధ్య వర్తకం సాగితే, దిగుమతి చేసుకొని లాభపడేది ఇంగ్లండేనన్న అర్థంతో జవాబిచ్చాడు. 1814లో తిరిగి వచ్చి న్యాయవ్యవస్థ సంస్కరణకు పూనుకొన్నాడు. దాని ఫలితంగా 1816లో గ్రామ మునసబులకు, పంచాయతీలకు, జిల్లా మునసబులకు తగవులు తీర్చే అధికారం లభించింది. ఈ దేశీయుల వివాదాలను ఈ దేశీయులే పరిష్కరించగలరన్నది ఆయన దృఢవిశ్వాసం.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా పదవి చేపట్టాడు. పదమూడేళ్ళ కిందట ఒక కలెక్టరుగా ఆయన కోరినదానిని ఇప్పుడు గవర్నరుగా ఆయనే ఆదేశించాడు. దత్త మండలాలలో పన్ను తగ్గింపు ఎట్టకేలకు అమలులోకి వచ్చింది. పదవి పెరిగినకొద్దీ పాతమాట మరచిపోవడం లోకరీతి. పదవి పెరిగేదాకా ఆ మాటను గుండెలో దాచుకోవడం మన్రో రీతి.

తెలుగు భాష కూడా ఆయనకు ఒకవిధంగా ఋణపడి ఉన్నది. 1820లో మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో ప్రసంగిస్తూ, ప్రజల భాష రాని అధికారి ప్రజలకు మేలు చేయలేడని ఆయన యువ ఉద్యోగులకు ఉద్బోధించాడు. ఆ మాటలు విన్నవారిలో ఒక యువకుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆ ఏడాదే ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్ తెలుగు నేర్చి, వేమన పద్యాలను వెలికి తీసి, నిఘంటువులు కూర్చి తెలుగు సాహిత్యానికి చేసిన సేవ జగద్విదితం. విద్య విషయంలోను మన్రో శ్రద్ధ వహించాడు. 1822లో ఆయన ఆదేశించిన విచారణ ఫలితంగా మద్రాసు రాజధానిలో 12,498 బడులు ఉన్నట్లు తేలింది. 1826లో జిల్లాకు, తాలూకాకు ప్రభుత్వ పాఠశాలలను నెలకొల్పే ప్రణాళికను ఆయన ప్రతిపాదించాడు. అంతకుముందే, 1824 డిసెంబరు 31 నాటి పత్రంలో, ఈ దేశ ప్రజలు తమను తాము పాలించుకొనే శక్తి సంపాదించిననాడు ఆంగ్లేయులు క్రమంగా తప్పుకోవడమే ఉచితమని వ్రాశాడు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి 123 ఏళ్ళ ముందు ఒక ఆంగ్ల ప్రభుత్వ గవర్నరు ఇలా వ్రాయడం సామాన్యం కాదు.

1827లో ఆయన పదవీ విరమణకు సిద్ధమయ్యాడు. భార్య అంతకుముందే స్వదేశానికి వెళ్ళింది. ఓడ ఎక్కేముందు దత్త మండలాలను ఒక్కసారి చూసి రావాలని ఆయనకు కోరిక కలిగింది. ఎండలు పూర్తిగా తగ్గకముందే బయలుదేరాడు. ఈ ప్రయాణాన్ని గురించి కడప సీమలో ఒక ఐతిహ్యం ఉన్నది. పాపఘ్ని నది కొండలను చీల్చుకొని ప్రవహించే గండి క్షేత్రం వద్ద, రెండు కొండల నడుమ వ్రేలాడుతున్న బంగారు తోరణం మన్రోకు కనిపించిందట. పుణ్యాత్ములకు, అదీ మరణం సమీపించినవారికి మాత్రమే అది కనిపిస్తుందని అక్కడి పెద్దలు చెప్పుకొన్నారట. ఇది చరిత్ర కాకపోవచ్చు. కాని ఒక పరదేశీయుని పుణ్యాత్ముల కోవలో చేర్చిన ప్రజల మనస్సు మాత్రం చరిత్రే.

గుత్తి చేరేనాటికి పరివారంలో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో విడిది చేసినప్పుడు ఉదయం మన్రోకు కూడా ఆ వ్యాధి తగిలింది. అంత బాధలోను ఆయన తన చుట్టూ ఉన్నవారిని తలచుకొని, అంటువ్యాధి ఉన్న గదిలో మిమ్మల్ని ఉంచడం న్యాయం కాదంటూ వెలుపలికి వెళ్ళమన్నాడు. ఆ రాత్రి ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 66 ఏళ్ళు. దేహాన్ని గుత్తిలో ఖననం చేసి, 1831లో మద్రాసులోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం ఒక తోపు పెంచి, మెట్లబావి కట్టించింది. గుత్తిలో ఆయన పేర సత్రం వెలసింది. మద్రాసులో చందాలు పోగుచేసి ప్రతిష్ఠించిన అశ్వారూఢ విగ్రహం 1839లో నిలిచింది. వీటన్నింటికన్న విశేషమైన స్మారకం మరొకటి ఉన్నది. దత్త మండలాలలోని పల్లె ప్రజలు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. పన్ను వసూలు చేసే అధికారి పేరు బిడ్డకు పెట్టుకోవడం లోకంలో ఎక్కడో గాని జరగదు. నీడనిచ్చే తోపు, దాహం తీర్చే బావి, బాటసారికి ఆశ్రయమిచ్చే సత్రం, అమ్మ నోట పలికే పేరు: వాన కోసం ఎదురుచూసే నేలలో ఒక ప్రజాసేవకుడు మిగుల్చుకోదగిన ఆస్తి ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

కచేరి = కార్యాలయం, అధికారి ప్రజల మొరలు వినే కొలువు
మోజణీదారు = భూములు కొలిచే ఉద్యోగి
వరహా = ఆనాటి బంగారు నాణెం
భరణం = జీవనానికి ఇచ్చే ధనం
గుత్త = నిర్ణీత మొత్తానికి ఇచ్చే కౌలు
ఐతిహ్యం = తరతరాలుగా జనం చెప్పుకొనే కథ
అశ్వారూఢ = గుర్రాన్ని అధిరోహించిన

ప్రశ్నలు

1. మన్రో క్రీడాసక్తి ఆయన ఉద్యోగ ధర్మానికి ఏవిధంగా తోడ్పడింది?
2. 1807 నాటి నివేదికలో మన్రో ఏమి కోరాడు? అది ఎప్పుడు, ఎలా ఫలించింది?
3. మన్రో పాలనలోని మంచిచెడ్డలను పాఠం ఆధారంగా సమీక్షించండి.
4. గండి క్షేత్రపు ఐతిహ్యం ప్రజల మనస్సును ఏవిధంగా వెల్లడిస్తున్నది?